ఇరవై రెండు

మిర్చి యార్డు వెనక సందులో, రెండో అంతస్తులో
నేను కాయని నీళ్ళుగా మార్చి లెక్కపెడతాను.
కింద హమాలీల తుమ్ములు,
పైన ఏసీ చప్పుడు.
మధ్యలో నా ముక్కు ఏ వర్గానికీ చెందక
పొద్దస్తమానం కారుతూ ఉంటుంది.

నాగుల్ మీరాది పేరేచర్ల దగ్గర నాలుగెకరాల కౌలు.
నలభై టిక్కీలు తెచ్చాడు.
కోత రోజుల్లో ముసురు పట్టిందట,
కల్లంలో పట్టా కప్పి, విప్పి, మళ్ళీ కప్పి
వారం రోజులు కన్ను మూయలేదట.
కాయ చూస్తే ఎర్రగా నిగనిగలాడుతోంది.
బూజు విషం కంటికి కనపడేంత అమాయకురాలు కాదు.

మిషన్ చెప్పింది: ఇరవై రెండు.
వంద కోట్ల గింజల్లో ఇరవై రెండు
చెడ్డ గింజలనుకోండి.
ఓడెక్కే కాయకి హద్దు పది.
ఊళ్ళో ఉండిపోయే కాయకి ముప్ఫై.
ఆ పదికీ ముప్ఫైకీ మధ్య ఖాళీలోనే
మా వీధి వీధంతా వంట చేసుకుంటోంది.

మలిపెద్ది శేషగిరి గారు చెడ్డవాడు కాదు.
నాకీ మిషన్ కొనిపెట్టింది ఆయన లాభమే,
సర్కారు లాబుకి వచ్చిన మిషన్
ఇంకా అట్టపెట్టెలోనే ఉంది.
"చట్టం తప్పలేదమ్మా, దారి మార్చాం, అంతే" అన్నాడు.
ఓడ తప్పిన సరుకు మిల్లుకి,
మిల్లు నుంచి ఐదు రూపాయల పొట్లాల్లోకి,
పొట్లాల్లోంచి హాస్టలు పిల్లల పప్పులోకి.
ధరే అన్నీ చెబుతుందంటాడాయన.
క్వింటాకి పదకొండొందలు తగ్గింది. నిజమే, చెప్పింది.
ఎందుకు తగ్గిందో మాత్రం
పొట్లం మీద రాయలేదు.

మా నాన్న దేవసహాయం ముప్ఫయ్యేళ్ళు ముఠా మేస్త్రి.
తువ్వాలు కింద వేళ్ళు కలిపి బేరమాడే రోజుల్లో
కాటా పక్కన నిలబడ్డవాడు.
బజారుకి కనపడని చెయ్యి ఒకటుంటుందని
కాలేజీలో మాస్టారు చెప్పినప్పుడు
నాకు ఆ తువ్వాలే గుర్తొచ్చింది.

సంఘం రాత్రిబడిలో నాన్న కూడబలుక్కున్న మొదటి వాక్యం:
శాస్త్రానికి యజమాని ఉండడు.
నన్ను కెమిస్ట్రీలో చేర్పించింది ఆ వాక్యమే.
ఫీజు కట్టింది ఆయన వీపు.

ఆయనే చెప్పే కథ ఇంకొకటుంది, గొంతు తగ్గించి.
సంఘం వాళ్ళు సొంతంగా గోదాము కట్టుకున్నారు.
అందరిదీ కాబట్టి
తాళంచెవి ఎవరి మొలకి ఉండాలో తేలలేదు.
కమిటీ కూర్చుంది, లేచింది, మళ్ళీ కూర్చుంది.
సంతకం వచ్చేలోగా వాన వచ్చింది.
ఎర్రజెండా కింద కూడా కాయకి బూజు
పచ్చగానే పట్టింది.
అప్పుడు కొలిచేవాళ్ళు లేరు.
అదీ తినేశాం.

"అమ్మా, పాసా, ఫెయిలా?"
మెట్ల మీద చెప్పులు విడిచి అడిగాడు నాగుల్ మీరా.
ఎవరి నోటికి, అని ముందు నేనడగాలి.
అంకె అబద్ధమాడదు,
కానీ ఊరుకోవడం దానికి బాగా వచ్చు.
జీతం తీసుకునే నాకూ వచ్చు.
"ఓడకి ఫెయిలు. మనకి పాసు" అన్నాను.
"హమ్మయ్య" అన్నాడు.
తిట్టినా బాగుండేది.

రాత్రి నల్లపాడు రోడ్డులో, మా ఇంట్లో
నాన్న అన్నంలో కారం కలుపుకుంటూ దగ్గుతున్నాడు.
యార్డు మానేసి తొమ్మిదేళ్ళు,
యార్డు ఆయన్ని మానలేదు.
కారం పొట్లం మీద బొమ్మలో ఒక ఇల్లాలు నవ్వుతోంది.
రెండు చెంచాలు సీసాలో పోసి, మూత బిగించి
నా సంచిలో వేసుకున్నాను.

పొద్దున్నే, ఎవరూ రాకముందు, ఫారం నింపాను.
సరుకు ఎవరిది అన్న గడిలో నాన్న పేరు.
ఎక్కడికి అన్న గడిలో: అన్నంలోకి.
మిషన్ అడుగుతోంది,
హద్దు ఎంత పెట్టమంటావని.
కింద కాటా మొదలైంది, తుమ్ములూ మొదలయ్యాయి.
వేలు ఇంకా మీట మీదే ఉంది.